కింద బొగ్గు తీస్తే పైన పొలం, బావి, వాగు ఏమవుతాయి? గని రాకముందే రైతు చేసి పెట్టుకోవాల్సిన పని

బోనకల్ స్టేషన్ మీదుగా బొగ్గు వ్యాగన్లు పోవడం ఇక్కడి రైతులకు కొత్త కాదు. కొత్తగూడెం వైపు నుంచి కారేపల్లి, డోర్నకల్ మీదుగా వచ్చి విజయవాడ దారి పట్టే సరుకు అది. బోనకల్, మధిర పొలాల కింద బొగ్గు లేదు. ఇక్కడ అడుగున ఉన్నది గట్టి రాయి, పైన సాగర్ ఎడమ కాలువ నీళ్లు. అయితే ఉత్తరాన ఇల్లందు, టేకులపల్లి, కొత్తగూడెం, మణుగూరు వైపు పోయేకొద్దీ నేల మారుతుంది. అక్కడ ఇసుకరాయి పొరల మధ్య బొగ్గు ఉంది. పొలాలు, చుట్టరికాలు అటూ ఇటూ ఉన్న రైతులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఓపెన్‌కాస్ట్ అయితే భూమి పోతుంది, భూగర్భ గని అయితే పోదు కదా?"

సగమే నిజం. భూగర్భ గనిలో పట్టా మీ పేరు మీదే ఉంటుంది, సాగు మీరే చేసుకుంటారు. కానీ ఆ భూమి వాలు మారుతుంది, బావిలో నీటి మట్టం మారుతుంది, పక్కనున్న వాగు నడక మారుతుంది. భూమి తీసుకుంటే నష్టం కళ్లెదురుగా ఉంటుంది, పరిహారం లెక్క ఏదో ఒకటి తేలుతుంది. భూమి మీ దగ్గరే ఉండి నీళ్లు పోతే ఆ నష్టం ఎవరిదో తేల్చుకోవడమే పెద్ద పని అవుతుంది. ఆ పనికి కావాల్సిన రుజువు గని పొలం కిందికి వచ్చాక దొరకదు. రాకముందే తయారు చేసుకోవాలి.

ఇప్పుడు ఈ విషయం ఎందుకు

దేశంలో బొగ్గు ఉత్పత్తి 2024-25లో 100 కోట్ల టన్నులు దాటింది. అందులో భూగర్భ గనుల నుంచి వచ్చేది నూటికి నాలుగైదు టన్నులకు మించదు. దాన్ని 2030 నాటికి ఏడాదికి 10 కోట్ల టన్నులకు పెంచాలని కేంద్ర బొగ్గు శాఖ లక్ష్యం పెట్టుకుంది. అందుకోసం 2025 ఏప్రిల్‌లో రాయితీలు ప్రకటించింది. వేలంలో పాడుకున్న కంపెనీ ప్రభుత్వానికి ఇవ్వాల్సిన ఆదాయంలో కనీస వాటాను భూగర్భ గనులకు 4 శాతం నుంచి 2 శాతానికి తగ్గించారు, ముందస్తు చెల్లింపును ఎత్తేశారు. భూమి, అడవి తక్కువ పోతాయన్నది ఇందుకు చెబుతున్న కారణాల్లో ఒకటి.

సింగరేణిలో మాత్రం గాలి ఇంకో వైపు వీస్తోంది. ఖర్చు ఎక్కువ, ఉత్పత్తి తక్కువ కావడంతో భూగర్భ గనులు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. కంపెనీ మొత్తం బొగ్గులో వాటి వాటా ఇప్పుడు పదో వంతుకు అటూఇటూ ఉంది. కొత్తగూడెంలో గౌతమ్‌ఖని, ఇల్లందులో జేకే-5 వంటి చోట్ల పాత భూగర్భ గనుల్లో వదిలేసిన బొగ్గు స్తంభాలనే ఓపెన్‌కాస్ట్ చేసి తీశారు. అంటే ఒకే నేల మొదట కుంగి, తర్వాత తవ్వకంలో పోయే అవకాశం కూడా ఉంది. భూగర్భ గని వస్తోందని నిశ్చింతగా ఉన్న రైతు ఈ రెండో దశ గురించి కూడా ప్రజాభిప్రాయ సేకరణలో అడగాలి.

నేల ఎలా కుంగుతుంది

మన గనుల్లో చాలావరకు స్తంభాల పద్ధతి. బొగ్గు పొరలో గల్లీలు తవ్వుతూ మధ్యలో చదరపు బొగ్గు స్తంభాలు వదులుతారు. ఈ దశలో పైన పొలానికి దాదాపు ఏమీ కాదు. పదేళ్లు గడిచినా ఏమీ కాకపోవచ్చు. "మా కిందికి గని వచ్చి చాలాకాలమైంది, ఏం కాలేదు" అని కొందరు ధీమాగా చెప్పేది ఈ దశ గురించే. అసలు కుంగుడు రెండో దశలో వస్తుంది. ఆ స్తంభాలను కూడా తీసేస్తారు. కార్మికులు దీన్ని డీపిల్లరింగ్ అంటారు. తీసిన చోట పైకప్పు కూలుతుంది, దానిపై పొరలు ఒకదాని మీద ఒకటి వంగుతాయి, ఆ వంపు చివరికి నేల మీదికి వస్తుంది. గోదావరిఖని దగ్గర అడ్రియాలలో వాడే లాంగ్‌వాల్ యంత్రాలతో అయితే రెండు దశలు లేవు. యంత్రం ముందుకు పోతుంటే వెనకాల పైకప్పు పడిపోతూ ఉంటుంది.

ఎంత కుంగుతుందన్నది తీసిన బొగ్గు మందం, లోతు, పైనున్న రాయి గట్టిదనం మీద ఉంటుంది. తీసిన చోటును ఖాళీగా వదిలేసి పైకప్పు కూలనిస్తే, తీసిన మందంలో సగం దాకా, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువ కూడా పైన కుంగుడు కనిపిస్తుంది. ఆ ఖాళీలో నీటితో కలిపిన ఇసుకను గట్టిగా నింపితే కుంగుడు చాలా తగ్గి పదో వంతు లోపుకు వస్తుంది. దీన్నే స్టోయింగ్ అంటారు. కాబట్టి గని గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న "బొగ్గు ఎంత లోతులో ఉంది" అన్నది కాదు, "స్తంభాలు తీశాక ఇసుక నింపుతారా, కూల్చేస్తారా" అన్నది. రైతు పొలానికి వచ్చే తేడా అంతా అక్కడే ఉంది. (ఆ ఇసుక ఏ వాగు నుంచి తెస్తారన్నది కూడా అడగాల్సిందే. గనిని కాపాడటానికి వాగును ఖాళీ చేస్తే వాగు పక్క బోర్లకు ఒరిగేదేమీ లేదు. ఓపెన్‌కాస్ట్ మట్టి దిబ్బల నుంచి ఇసుక తయారు చేసి వాడే దారి ఉంది.)

కుంగుడు సరిగ్గా గని హద్దు దగ్గర ఆగదు. బొగ్గు తీసిన చోటు అంచు నుంచి బయటికి వాలుగా గీత గీస్తే అది నేలను తాకే దాకా ప్రభావం ఉండొచ్చు. ఆ వాలును 35 డిగ్రీలుగా లెక్కలోకి తీసుకోవడం చాలా దేశాల్లో వాడుక. బొగ్గు 200 మీటర్ల లోతులో ఉంటే గని అంచు నుంచి 140 మీటర్లు, అంటే 460 అడుగుల దూరం దాకా. మన దగ్గర గట్టి ఇసుకరాయి ఉన్నచోట ఇది ఇంకా తక్కువే ఉండొచ్చు. కానీ "గని మీ పొలం కింద లేదు, పక్క సర్వే నంబర్ కింద ఉంది" అన్నంత మాత్రాన మీకు సంబంధం లేదని అర్థం కాదు.

కుంగిన నేల ఒక పళ్లెంలా తయారవుతుంది. మధ్యలో నేల దగ్గరికి నొక్కుకుంటుంది, అంచుల్లో సాగుతుంది. బీటలు పడేది అంచుల్లో. ఇక్కడ ఒక తేడా గమనించాలి. నల్లరేగడిలో ఎండాకాలం పడే నెర్రెలు వలలాగా అన్ని వైపులా ఉంటాయి, ఒక మంచి వానకు మూసుకుపోతాయి. గని వల్ల పడే బీట పొడవుగా ఒకే దారిలో పోతుంది, గట్టును, డొంకను, ఒక్కోసారి రోడ్డును కూడా కోసుకుంటూ పోతుంది. చాలాసార్లు ఒక పక్క నేల రెండో పక్క కన్నా దిగి ఉంటుంది. వానాకాలంలో కూడా కొత్తగా పడుతుంది. ఫొటో తీసేటప్పుడు ఆ బీట పోయిన దిక్కు, గట్టును కోసిన చోటు కనిపించేలా తీయాలి. దగ్గరగా ఒక్క బీటనే తీస్తే అది ఏ పొలంలోదైనా కావచ్చు.

బీట కన్నా వాలే పెద్ద నష్టం

బీట భయపెడుతుంది కాబట్టి అందరూ దాన్నే చూస్తారు. సర్వేకు వచ్చినవాళ్లు కూడా బీటలు పూడ్చి వెళ్తారు. నా ఉద్దేశంలో చిన్న రైతుకు ఎక్కువ ఖర్చు తెచ్చేది కంటికి కనిపించని వాలు.

ఒక లెక్క చూడండి. 100 మీటర్ల దూరంలో నేల 1 మీటరు దిగిందనుకోండి. నిలబడి చూస్తే తేడా తెలియదు. కానీ 20 మీటర్ల వెడల్పు వరి మడిలో అది 20 సెంటీమీటర్ల తేడా. నాటిన కొత్తలో మడిలో మనం నిలబెట్టేది 5 సెంటీమీటర్ల నీరు. ఒక గట్టు దగ్గర నారు మునిగి కుళ్లుతుంది, ఇంకో గట్టు దగ్గర నేల తేలి కలుపు పెరుగుతుంది. ఎరువు నీళ్లతో పాటు పల్లానికి పోతుంది. మోటారు గంట ఎక్కువ నడిపినా మెరక తడవదు. రైతు దీన్ని తన యాజమాన్య లోపం అనుకుంటాడు, విత్తనం మీద వేస్తాడు. పత్తి, మొక్కజొన్న, మిర్చి అయితే పల్లం వైపు నీరు నిలిచి వేరు కుళ్లు, ఎండు తెగులు మొదలవుతాయి.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. తాపీ మేస్త్రీలు పునాదులకు వాడే నీళ్ల గొట్టం చాలు. పొలంలో కదలని నాలుగైదు చోట్ల (పెద్ద బండ, బావి వరద గోడ, విద్యుత్ స్తంభం దిమ్మె) రంగుతో గీతలు పెట్టి, గొట్టంతో వాటి మధ్య ఎత్తు తేడా కొలిచి నోటుపుస్తకంలో తేదీతో రాసి పెట్టుకోండి. ఆ చోట్లలో ఒకటి గని అంచుకు బాగా దూరంగా ఉండాలి, లేకపోతే అన్నీ కలిసి దిగినప్పుడు తేడా కనిపించదు. ఆరు నెలలకోసారి మళ్లీ కొలవాలి.

నీళ్లు ఎటు పోతాయి

గోదావరి లోయలోని ఇసుకరాయి నీటిని బాగా పట్టి ఉంచుతుంది. అందుకే అక్కడ బోర్లు పడ్డాయి, వాగుల్లో ఎండాకాలం చెలమలు నిలిచాయి. గని ఆ పొరల కిందికి పోయినప్పుడు రెండు పనులు జరుగుతాయి. గనిలో ఊరే నీటిని పగలూ రాత్రీ పైకి తోడాలి, లేకపోతే బొగ్గు తీయలేరు. దాంతో చుట్టుపక్కల నేలలోని నీరు గని వైపు జారుతుంది. రెండోది, పైకప్పు కూలినప్పుడు పై పొరల్లో పడే పగుళ్లు నీటికి కొత్త దారులు అవుతాయి. బావి మట్టం నెమ్మదిగా కాకుండా ఒక్కసారిగా, కొద్ది వారాల్లో పడిపోయిందంటే రెండో కారణాన్ని అనుమానించాలి.

అలాగని ఎండిన ప్రతి బోరునూ గని ఖాతాలో వేయలేం. వరుసగా రెండేళ్లు వాన తగ్గితే, చుట్టూ కొత్త బోర్లు పెరిగితే, వాగులో ఇసుక తోడితే కూడా మట్టం పడిపోతుంది. తేడా ఎలా చెప్పాలి? వాన లేక తగ్గితే ఊరు ఊరంతా, గనికి దూరంగా ఉన్న ఊళ్లలో కూడా తగ్గుతుంది. మంచి వానకు మళ్లీ లేస్తుంది. గని వల్ల అయితే దగ్గరి బావులు ముందు, దూరపువి తర్వాత తగ్గుతాయి. మంచి వాన పడ్డ ఏడు కూడా పాత మట్టానికి రాదు. ఈ తేడా అధికారి ముందు నిలబడాలంటే గనికి దగ్గరి బావి లెక్క ఒక్కటే చాలదు. రెండు మూడు కిలోమీటర్ల అవతలి బావి లెక్క కూడా పక్కన ఉండాలి. ఊళ్లో పది మంది రైతులు కలిసి నెలకోసారి కొలిస్తే ఇది కష్టమేమీ కాదు. రాయి కట్టిన తాడు, ప్రతి నెలా ఒకే తేదీ, తెల్లవారి మోటారు వేయకముందు, బావి ఒడ్డు మీద ఒకే గుర్తు నుంచి. నెలకు పది నిమిషాల పని.

వాగు సంగతి ఇంకా చిక్కు. కుంగిన పళ్లెం వాగును అడ్డంగా కోస్తే, ఎగువ అంచు దగ్గర వాగు వాలు పెరిగి నీరు వేగంగా దూకుతుంది, ఒడ్డు కోస్తుంది. మధ్యలో నీరు మడుగు కట్టి ఇసుక, ఒండ్రు పేరుకుంటుంది. దిగువ అంచు దగ్గర అడుగు ఇప్పుడు మెరక అయినట్టే కాబట్టి వరద వచ్చినప్పుడు నీరు వెనక్కి తన్ని పక్క పొలాల మీదికి ఎక్కుతుంది. ఎప్పుడూ మునగని మడి మునిగిందంటే వాన ఎక్కువ పడిందని మాత్రమే అనుకోకుండా వాగు అడుగు చూడండి. వాగు రాతి మీద పారే చోట బీటలు పడితే సన్నటి వేసవి పారుదల అందులోకే దిగిపోతుంది. ఇసుక వాగు అయితే బీట పైకి కనిపించదు, కానీ సంక్రాంతి దాకా పారే వాగు దీపావళికే ఆగిపోతుంది. అందుకే ప్రతి ఏడూ వాగు పారడం ఆగిన తేదీ రాసి పెట్టుకోవాలి. చెలమల్లో ఎన్ని అడుగులకు నీరు తగిలిందో కూడా.

కొన్ని చోట్ల దీనికి పూర్తిగా తలకిందులుగా జరుగుతుంది. గని నుంచి తోడిన నీరు వాగులోకి, చెరువుల్లోకి వదలడం వల్ల ఎండాకాలం కూడా వాగు పారుతుంది, దాని మీద యాసంగి వరి పెరుగుతుంది. సింగరేణి గని నీటిని ఊరి చెరువులకు, సాగుకు ఇవ్వడం ఉంది. మంచిదే. కానీ ఆ నీరు గని నడిచినన్నాళ్లే. గని మూసి పంపులు ఆపిన ఏడు అదే వాగు ఎండుతుంది. దాన్ని నమ్మి కొత్తగా బాయిలర్ కోళ్ల షెడ్డు, ఆయిల్‌పామ్ తోట వంటి దీర్ఘకాల ఖర్చు పెట్టే ముందు ఆ గనికి ఇంకా ఎన్నేళ్ల బొగ్గు ఉందో తెలుసుకోండి. ఇక నీటి నాణ్యత. మన బొగ్గులో గంధకం తక్కువ, కాబట్టి మేఘాలయలో మాదిరి వాగులు పుల్లగా మారే సమస్య ఇక్కడ పెద్దగా లేదు. ఉప్పులు, కఠినత్వం మాత్రం ఉండొచ్చు. ఆ నీటితో తడిపే ముందు ఒక సీసాలో పట్టి పరీక్ష చేయించండి. ఖమ్మం వైపు రైతులు వైరా కృషి విజ్ఞాన కేంద్రంలో అడగవచ్చు. నేల పైన తెల్లటి పొర కడుతుంటే ఆలస్యం చేయొద్దు.

ముందే కొలిస్తేనే విలువ

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో లాంగ్‌వాల్ గనుల పైన పాడి రైతులు, చిన్న రైతులు ఎక్కువ. అక్కడ 1994లో ఒక చట్టం చేశారు. బొగ్గు తీసిన చోటు అంచు నుంచి 35 డిగ్రీల వాలు గీత లోపల ఉన్న బావి చెడితే, తప్పు కంపెనీదేనని ముందుగా అనుకోవాలి. కాదని నిరూపించుకునే భారం కంపెనీది. రైతుకు వేరే నీరు సమకూర్చాలి. అయితే ఒక షరతు ఉంది: గని రాకముందు బావి కొలవడానికి కంపెనీని రానివ్వని రైతుకు ఈ రక్షణ ఉండదు. అంటే అంత గట్టి చట్టంలో కూడా అంతా నిలబడింది "ముందు ఎంత ఉండేది" అన్న లెక్క మీదే. అదే రాష్ట్రంలో 2005లో ఒక పార్కులోని డ్యూక్ చెరువు ఆనకట్టకు పగుళ్లు వచ్చి చెరువు ఖాళీ చేయాల్సి వచ్చింది. పక్కన నడిచిన లాంగ్‌వాల్ గనే కారణమని ప్రభుత్వం వాదించింది. 2013లో కంపెనీ 3.6 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ప్రభుత్వానికే ఎనిమిదేళ్లు పట్టింది.

మన దగ్గర రుజువు భారాన్ని అలా కంపెనీ మీద పెట్టే చట్టం లేదు. కానీ ఏమీ లేదనుకోవడం కూడా తప్పే. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టంలోని 24ఏ సెక్షన్ ప్రకారం గని పనుల వల్ల జరిగిన, జరగబోయే నష్టానికి లీజుదారు పరిహారం చెల్లించాలి. ఎవరికి? ఆ భూమి ఉపరితలాన్ని అనుభవిస్తున్న వ్యక్తికి. చట్టం వాడిన మాట యజమాని కాదు, అనుభవదారు. పోడు పట్టా ఉన్న గిరిజన రైతుకూ, కౌలు రైతుకూ ఈ మాట ముఖ్యం. అయితే అనుభవం కాగితం మీద కనిపించాలి. వ్యవసాయ విస్తరణ అధికారి చేసే పంట నమోదులో మీ పేరు ఎక్కించుకోండి. ధాన్యం, పత్తి అమ్మిన చీటీలు, ఎరువుల బిల్లులు ఏడాదివారీగా ఒక కవరులో పెట్టండి.

నీటి వనరుల విషయంలో బొగ్గు గనుల నిబంధనలు గట్టిగానే ఉన్నాయి. నది, కాలువ, చెరువు కింద గానీ, వాటి ఒడ్డుకు 15 మీటర్ల లోపు కింద గానీ గనుల భద్రతా డైరెక్టరేట్ (డీజీఎంఎస్) లిఖితపూర్వక అనుమతి లేకుండా పని చేయకూడదని 1957 నిబంధనల్లోనే రాశారు. 2017లో కొత్త నిబంధనలు వచ్చినా అనుమతి లేకుండా నీటి కింద పని చేయకూడదన్నది పోలేదు. చిక్కు ఎక్కడంటే, కంపెనీ మ్యాపులో ఆ కుంట, ఆ వాగు గీసి ఉంటేనే కదా అనుమతి మాట వచ్చేది. చిన్న ఒర్రెలు, ఎండిపోయినట్టు కనిపించే కుంటలు, వరద కాలువలు మ్యాపుల్లో జారిపోవడానికి వీలుంది. కొత్త గనికైనా, విస్తరణకైనా పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెడితే కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. ముసాయిదా నివేదికను కలెక్టరేట్‌లో, స్థానిక సంస్థల కార్యాలయాల్లో జనానికి అందుబాటులో పెట్టాలి. ఆ 30 రోజుల్లో వెళ్లి మ్యాపు తెరిచి మీ ఊరి వాగులు, కుంటలు, బావులు ఉన్నాయో లేదో వేలు పెట్టి చూసుకోండి. లేకపోతే సర్వే నంబర్లతో రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. సభ రోజున మైకు ముందు ఉద్యోగాల గురించి అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. వాగు గురించి ఒక్కరైనా రాతపూర్వకంగా ఇవ్వాలి, మినిట్స్‌లోకి ఎక్కేది అదే.

అనుమతి వచ్చిన తర్వాత కూడా దారి మూసుకుపోదు. షరతులు ఎలా అమలు చేస్తున్నారో ప్రతి ఏడాది జూన్ 1, డిసెంబర్ 1 తేదీల్లో కంపెనీ నివేదిక ఇవ్వాలి. నేల కుంగుడు కొలతలు, చుట్టుపక్కల బావుల నీటి మట్టాలు ఆ షరతుల్లో మామూలుగా ఉండేవే. అవి ప్రజలు చూడదగ్గ కాగితాలు. దొరక్కపోతే సమాచార హక్కు కింద అడగవచ్చు. మీ నోటుపుస్తకంలోని అంకెలను ఆ నివేదికలోని అంకెలతో పక్కపక్కన పెట్టి కలెక్టరేట్ ప్రజావాణిలో ఇస్తే, "మా బావి ఎండింది" అన్న ఒక్క వాక్యం అర్జీ కన్నా దానికి బరువు ఎక్కువ.

జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధి గురించి కూడా ఒక మాట. 2015 జనవరి 12 కన్నా ముందు ఇచ్చిన లీజుల మీద రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చిన వాటి మీద 10 శాతం ఈ నిధికి రావాలి. తాగునీరు ఆ నిధికి ముందు వరస పని. బావులు ఎండిన ఊరు గ్రామసభ తీర్మానంతో అడగదగ్గ డబ్బు అది.

నేల దిగుతున్న కాలంలో సాగు

స్తంభాలు తీయడం మీ పొలం కిందికి ఎప్పుడు వస్తుందో గని మేనేజర్‌ను గ్రామ పంచాయతీ ద్వారా రాతపూర్వకంగా అడగండి. కుంగుడులో ఎక్కువ భాగం బొగ్గు తీసిన కొద్ది నెలల్లోనే జరిగిపోతుంది, మిగిలింది ఒకటి రెండేళ్లలో సర్దుకుంటుంది. ఆ కాలంలో కొత్త బోరు, కొత్త ఇంటి పునాది, సిమెంటు కాలువ వద్దు. లేజర్ లెవలర్‌తో చదును చేయించడం కూడా నేల ఆగిన తర్వాతే, లేకపోతే రెండుసార్లు ఖర్చు. వరికి బదులు ఆ రెండు పంటలు కంది, జొన్న, పెసర వంటి ఆరుతడి పంటలు వేస్తే వాలు తేడా అంతగా దెబ్బ తీయదు. పైపులైను వేయక తప్పకపోతే అతుకుల దగ్గర విరిగే పీవీసీ కన్నా వంగే హెచ్‌డీపీఈ మేలు. బోరులో సబ్‌మెర్సిబుల్ మోటారు ఉంటే బొగ్గు తీసే ముఖం కిందికి వచ్చే ముందే పైకి లాగి పెట్టుకోవడం మంచిది. కేసింగ్ వంగితే మోటారు లోపలే ఇరుక్కుంటుంది.

బీట పడితే ముందు కొలిచి, ఫొటో తీసి, తహసీల్దార్‌కూ గని మేనేజర్‌కూ రాతపూర్వకంగా తెలిపి ఆ తర్వాతే పూడ్చాలి. పైపైన మట్టి తోస్తే మొదటి వానకే జారిపోతుంది. బీట వెంట అడుగున్నర, రెండు అడుగుల లోతు వరకు వెడల్పుగా తవ్వి, బంకమట్టిని జానెడు మందం పొరలుగా వేస్తూ, తడుపుతూ దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. పైన కాస్త ఎత్తుగా వదిలి నీరు అటు రాకుండా చిన్న గట్టు వేయాలి. వానాకాలానికి ముందే ఇది అయిపోవాలి. పురుగుమందు డబ్బాలు, చెత్త అందులో వేస్తే అది నేరుగా ఊరి నీటిలోకే పోతుంది. బీటలోంచి వేడి, పొగ, ఘాటు వాసన వస్తే పూడ్చే ప్రయత్నం చేయకండి. కింద బొగ్గు రాజుకుంటుండవచ్చు, విషవాయువు ఉండవచ్చు. పశువులను దూరం కట్టేసి గని కార్యాలయానికి, పోలీసులకు చెప్పాలి.

పాత గనుల పైన ఉన్న పొలాలు

ఇల్లందు దగ్గర బొగ్గును 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. అంటే ఈ ప్రాంతంలో కొన్ని గల్లీలకు నూరేళ్లు దాటింది. తక్కువ లోతులో వదిలిన పాత స్తంభాలు నీటికి నాని, చితికి, ఎప్పుడో ఒక వానాకాలం ఉన్నట్టుండి కూలితే పైన పళ్లెం పడదు, నిలువు గుంత పడుతుంది. పెద్ద వాన తర్వాత పొలంలో గుండ్రంగా నేల మెత్తబడటం, మడిలో నీరు సుడి తిరిగి దిగిపోవడం దానికి ముందు గుర్తులు. అక్కడ ట్రాక్టర్ దింపొద్దు.

మూసిన గనులు నీటితో నిండుతాయి. అది కూడా పొలానికి సంబంధించిన విషయమే. జర్మనీలో రూర్ ప్రాంతంలో గనుల వల్ల నేల కొన్ని చోట్ల 20 మీటర్లకు పైగా దిగింది. 2018లో చివరి గని మూసేసినా పంపులు ఆపలేని పరిస్థితి. ఆపితే ఊళ్లు చెరువులవుతాయి. ఆ శాశ్వత ఖర్చు కోసమే 2007లో ప్రత్యేకంగా ఒక నిధి సంస్థ పెట్టుకున్నారు. మన దగ్గర గని మూసివేత ప్రణాళికల్లో పంపులు ఆపాక నీరు ఎంత ఎత్తుకు లేస్తుంది, ఏ పల్లంలో బయటపడుతుంది అన్నది ఊరివాళ్లు అడిగి తెలుసుకోవాల్సిన అంశం.

పాత గనులున్న ఊళ్లలో కొత్త బోరు వేయించేవాళ్లు ముందుగా గని సర్వే కార్యాలయంలో తమ సర్వే నంబర్ కింద పాత గల్లీలు ఉన్నాయేమో అడగండి. బోరు దిగుతుండగా రాడ్డు ఒక్కసారిగా జారిపోయినా, గాలి లోపలికి పీల్చుకున్నట్టు చప్పుడు వచ్చినా కింద ఖాళీ తగిలినట్టే. నీరు బాగా పడిందని సంబరపడి కేసింగ్ దింపొద్దు. ఆ రంధ్రాన్ని తెరిచి వదిలేయొద్దు. రిగ్గును పక్కకు తీయించి, అడుగు నుంచి పై దాకా బంకమట్టి, సిమెంటుతో మూయించి, ఆ చోటును గని కార్యాలయానికి రాతపూర్వకంగా తెలపండి.